బెల్టు చివరిదాకా లాగి

పాత హైబ్రిడ్ బండి ఒకటి చూడాలని
ఏకాంబరాన్ని వెంటబెట్టుకుని బయల్దేరాను.
పుదుపేటలో నలభై ఏళ్ళుగా ఇంజన్లు విప్పుతున్న మనిషి,
చెవి ఆనించి రోగం చెప్పేస్తాడని పేరు.
నేను రాయపేటలో చెవులు పరీక్షిస్తాను.
ఆటోలో నేను నోరు విప్పినప్పుడల్లా
అతను కుడి చెవి ఇటు తిప్పడం
మొదటి సిగ్నల్ దగ్గరే చూసి
ఏమీ అనలేదు.

వేళచ్చేరిలో తెల్లబండి.
కడిగిన ముత్యం.
అమ్మేవాడి మాట ఇంకా తెలుపు:
"ఒకే చెయ్యి నడిపింది మేడమ్, గీత కూడా పడలేదు."
ఏకాంబరం బానెట్ జోలికి పోలేదు.
వెనక తలుపు తీసి కూర్చుని
సీటు బెల్టు పట్టుకుని లాగాడు
బావిలోంచి చేద తోడుతున్నట్టు,
ఇంకా, ఇంకా,
ఎవరూ ఎప్పుడూ లాగనంత దూరం.
చివరి జానెడులో
మట్టిరంగు చార.
వరద అక్కడిదాకా వచ్చి
కాసేపు కూర్చుని పోయిన గుర్తు.
"బ్యాటరీ ఈ సీటు కిందే కదమ్మా" అన్నాడు,
బెల్టుని మెల్లగా లోపలికి వదుల్తూ,
ఎవరి గుట్టో చూసేసినవాడిలా.

మా ఇంటి మూడో మెట్టు మీదా అదే రంగు.
రెండుసార్లు సున్నం కొట్టించాం,
వాన ముసురు పట్టగానే పైకొస్తుంది.
ఎందుకో అతని మీద కోపం రాలేదు.
అమ్మేసి మరిచిపోదామనుకున్నాడు,
అంతే.

అణ్ణానగర్‌లో ఒకావిడ
మా ఇంట్లో కుక్కే లేదంది.
వెనక సీటు పక్కన గాలి పీల్చే జాలీలో
ఏకాంబరం రెండు వేళ్ళు దూర్చి తీస్తే
ఇంకో కుక్కపిల్లకి సరిపడా బొచ్చు.
"బ్యాటరీకి ఊపిరాడలేదు, పాపం."

ఆ తర్వాత మూడు ఆదివారాలు ఎండా, టీలూ.

అయనావరంలో దేవసహాయం, జిరాక్స్ షాపు.
బూడిదరంగు బండి, ఎడమ తలుపు మీద ఆటో గీరిన గాటు,
లక్షా పదిహేడు వేల కిలోమీటర్లు.
అడక్కముందే తప్పులు చెప్పుకోవడం మొదలెట్టాడు,
పిల్లనిస్తూ కోపిష్టిదని ముందే చెప్పే తండ్రిలా:
ఏసీ మూడులో పెడితే కూస్తుంది,
వెనక టైరు ఒకటి మార్చాలి,
బ్యాటరీ పరీక్ష చేయించిన కాగితం ఇదిగో,
"కొత్తదానిలా లేదండీ, నాలా ఉంది."
పోయించిన ప్రతి లీటరూ
గళ్ళ నోటుబుక్కులో, నీలం ఇంకుతో.
ఒక పేజీ మీద సాంబారు మరక.
నేను అక్కడే సగం కొనేశాను.

బటన్ నొక్కాను.
పచ్చగా 'రెడీ' అని వెలిగింది.
చప్పుడు లేదు.
ఏకాంబరం బానెట్ మీదికి వంగాడు.
కుడి చెవి పెట్టాడు. ఎడమ చెవి పెట్టాడు.
మళ్ళీ కుడి.
ముఖం పాలిపోయింది.

ఆ ముఖాన్ని నేను రోజూ చూస్తాను
గాజు గదిలో, హెడ్‌ఫోన్ల మధ్య,
"వినపడగానే నొక్కండి" అన్నాక
నొక్కకుండా కూర్చున్నవాళ్ళలో.

దిగి, అతని కుడివైపుకి వెళ్ళి
గట్టిగా చెప్పాను:
"అది మాట్లాడట్లేదు, ఏకాంబరం.
నాకూ వినపడట్లేదు."

ఏసీ పెంచితే
కాసేపటికి లోపలెక్కడో పెట్రోలు ఇంజన్ మేలుకుంది.
అరచెయ్యి రేకు మీద ఆనించి కళ్ళు మూసుకున్నాడు.
"ఇప్పుడుందమ్మా. బాగుంది. తీసుకో."
చేత్తో విన్నాడని నాకు తెలుసు.
నాకు తెలిసిందని అతనికీ తెలుసు.
బేరం పద్దెనిమిది వేలు తగ్గింది.
గురువారం పదింటికి క్లినిక్‌కి రమ్మన్నాను,
ఊరికే, టీకి.
"చూద్దాం" అన్నాడు, వేరేవైపు చూస్తూ.

రాత్రి బండితో మా సందులోకి తిరిగాను.
నా పాత స్కూటరు దడదడకి
మలుపులోనే లేచి దారిచ్చే నల్లకుక్క
రోడ్డు నడుమ అలాగే పడుకుని ఉంది.
హారన్ మీద చెయ్యి వేసి
తీసేశాను.
అది దానంతటది ఒళ్ళు విరుచుకునేదాకా
కూర్చున్నాను,
పచ్చగా వెలుగుతున్న ఆ ఒక్క మాట ముందు.